పీత పేరు వచ్చు, పారిపోయిందని చెప్పడం రాదు: గోపాల్‌పూర్ ఒడ్డున ఎనిమిది మంది పిల్లల కేస్ స్టడీ

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో తెలుగు ఇళ్ళకి కొదవ లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అప్పటినుంచీ ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలున్నాయి, పట్టుచీరలు నేసే దేవాంగుల వీధులున్నాయి, శ్రీకాకుళం వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళున్నారు. పెద్దవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పిల్లల సంగతి వేరు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. వీధిలో ఒడియా. ఫోన్‌లో హిందీ కార్టూన్లు. నానమ్మ తెలుగులో అడిగితే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఒడియాలో వస్తుంది. అడిగిన నానమ్మా నొచ్చుకోదు, చెప్పిన పిల్లాడూ గమనించుకోడు. ఒక భాష ఇంట్లోంచి వెళ్ళిపోయేటప్పుడు చప్పుడు ఉండదు.

నేను ప్రీ స్కూల్ పిల్లలకి చెప్పే టీచర్‌ని. ఆదివారాలు మా ఇంటి వరండాలో తెలుగు పిల్లలతో కూర్చుంటాను. ఇక్కడ రాస్తున్నది పోయిన శీతాకాలం ఎనిమిది మంది పిల్లలతో చేసిన పని గురించి. మూడున్నర నుంచి అయిదున్నర ఏళ్ళ వాళ్ళు. ముందు మూడు వారాలు వరండాలో, తర్వాత ఆరు ఆదివారాలు గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున. పిల్లల పేర్లు రాయడం లేదు. వీళ్ళలో ఎక్కువగా చెప్పబోయే బాబుని చిన్నోడు అంటాను. వాడికి అప్పుడు నాలుగేళ్ళ రెండు నెలలు.

సముద్రాన్ని ఎంచుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు, ఆటోలో అరగంట పైన. ఈ పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసినదే, అందరికీ ఇష్టమైనదే. ఇష్టమైన చోట మాట తొందరగా వస్తుందని నా నమ్మకం.

వరండాలో చేసిన పొరపాటు

బజార్లో దొరికే బొమ్మల కార్డులు కొన్నాను. సముద్రం మీద ఇరవై నాలుగు కార్డులు. వాటి వెనక తెలుగు పేర్లు రాసి అతికించాను. రోజూ పది నిమిషాలు చూపించమని తల్లులకి కూడా ఒక్కో సెట్ ఇచ్చాను. మూడు వారాల్లో పిల్లలు గడగడా చెప్పేశారు. అల, ఇసుక, పీత, గవ్వ, చేప, తాబేలు, పడవ. చిన్నోడు ఇరవై నాలుగులో పంతొమ్మిది చెప్పాడు. వాళ్ళమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. నాకూ అంతే. నవంబరు మధ్యలో మొదటి ఆదివారం పొద్దున్నే ఒడ్డుకి తీసుకెళ్ళాం.

అక్కడ దిగాక తెలిసిన మొదటి సంగతి, ఆ కార్డుల్లోని సముద్రం మా సముద్రం కాదని. రంగురంగుల గొడుగు, ఇసుక కోటకి బకెట్టు, నక్షత్రం చేప, డాల్ఫిన్. మా ఒడ్డున కళ్ళకి కనిపించేవి తెప్పలు, ఆరేసిన వలలు, తాళ్ళ చుట్టలు, ఎండుతున్న నెత్తళ్ళు, ఇసుక మీద పాకే బాలబండి తీగ, గట్టున సరుగుడు చెట్లు, మొగలి పొదలు. గంజాం మొగలి పువ్వుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, దాని అత్తరు దేశమంతా వెళుతుంది. ఈ పిల్లలకి మొగలి వాసన తెలుసు, కియా అనే ఒడియా పేరూ తెలుసు. తెలుగు పేరు మాత్రం నా కార్డుల్లో లేదు. నా కళ్ళ ముందున్న ఊరిని వదిలేసి పెట్టెలో అచ్చయి వచ్చిన ఊరిని నేర్పాను.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. నడుస్తుంటే ఒక తెల్లపీత కన్నంలోంచి బయటికొచ్చింది. ఆ పీతల కళ్ళు చిన్న పుల్లల చివర నిలబెట్టినట్టు ఉంటాయి. ఆగింది, చూసింది, పక్కకి పరిగెత్తి ఇంకో కన్నంలోకి పోయింది. చిన్నోడు ఒక్క గెంతు గెంతి అరిచాడు: "కంకడా! కంకడా పళేఇలా!"

కంకడా అంటే పీత. పళేఇలా అంటే పారిపోయింది. పీత అన్న మాట వాడికి రాక కాదు. ముందు రోజు రాత్రి కూడా కార్డు చూసి చెప్పాడట. ఆ క్షణంలో వాడికి కావలసింది పీత కాదు, పారిపోయింది. అది వాడి దగ్గర తెలుగులో లేదు. ఒడియాలో ఉంది. పని చెప్పే మాట ఏ భాషలో ఉంటే వాక్యం మొత్తం ఆ భాషలోకి వెళ్ళిపోతుంది. వచ్చిన పీతని కూడా లాక్కుని పోతుంది.

నేను అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను. మూడు వారాలుగా నేను పిల్లలకి ఇచ్చింది పేర్ల జాబితా. పేర్లతో పిల్లలు బొమ్మకి జవాబు చెప్పగలరు. తమంతట తాము ఏమీ చెప్పలేరు.

మార్చిన తీరు

తెలుగులో క్రియ ఒక్కటే ఉన్నా వాక్యం నిలబడుతుంది. "వచ్చింది." "అంటుకుంది." "జారిపోయింది." ఎవరు, ఏమిటి అన్నది ఎదురుగా కనిపిస్తుంటే ఆ పేరు చెప్పనవసరం లేదు. ఇంట్లో మనం రోజంతా ఇలాగే మాట్లాడుకుంటాం. అందుకే పసిపిల్లలకి తెలుగు మాట్లాడే ధైర్యం పేర్లతో కంటే పనులతో తొందరగా వస్తుందని అనుకుని రెండో ఆదివారం నుంచి కార్డులు పక్కన పెట్టేశాను.

ఒక్కో వారం ఒక్కటే వస్తువు. దాంతో చేయగలిగిన పనులే పాఠం. ఇసుక వారంలో ఇసుక అన్న మాట నేను పనిగట్టుకుని నేర్పలేదు. తవ్వాం, పోశాం, కూరాం, దులిపాం. గుప్పిట్లో పట్టుకుంటే జారింది. తడి కాళ్ళకి అంటుకుంది. నేను చేస్తూ చెబుతాను, పిల్లలు చేస్తారు, ఎవరో ఒకరు నోరు విప్పుతారు. అలల వారంలో వచ్చింది, విరిగింది, వెనక్కి పోయింది, తడిపేసింది, లాగింది. చీలమండ దాకా నీళ్ళలో నిలబడితే వెనక్కి పోయే నీళ్ళు మడమల కింద ఇసుకని కోసుకుంటూ పోతాయి. అయిదేళ్ళ అమ్మాయి ఒకతి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇసుక వెళ్ళిపోతోంది, నేను దిగిపోతున్నాను" అంది. రెండు పూర్తి వాక్యాలు. అప్పటిదాకా ఆ అమ్మాయి నాతో తెలుగులో రెండు మాటలకు మించి కలిపి అనలేదు.

ఇలాంటి పని చేయాలనుకునేవాళ్ళకి ఇక్కడే ఒక మాట. గోపాల్‌పూర్ సముద్రం మెత్తనిది కాదు. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, వెనక్కి లాగే నీళ్ళకి బలం ఎక్కువ. ఇద్దరు పిల్లలకి ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషి సముద్రం వైపు నిలబడాలి, పిల్లలు ఒడ్డు వైపు. చీలమండ దాటి నీళ్ళలోకి వద్దు. వానాకాలంలో అసలే వద్దు. వలల దగ్గర గాలాలుంటాయి, చెప్పులు విప్పించకండి. జెల్లీ చేపలు ఒడ్డున పడి ఉంటే చూపించండి, ముట్టుకోనివ్వకండి. మేము ప్రతిసారీ నలుగురు పెద్దవాళ్ళం ఉన్నాం. నలుగురు దొరకని వారం వరండాలోనే కూర్చున్నాం, ఒడ్డు పాఠం తర్వాతి వారానికి జరిపాం.

తప్పుల విషయంలో ఒకే నియమం పెట్టుకున్నాను. "తెలుగులో చెప్పు" అని ఎవరితోనూ అనకూడదు. పిల్లవాడు "కంకడా పళేఇలా" అంటే, "అవును, పీత పారిపోయింది! ఎటు పారిపోయింది?" అనాలి. వాడి మాటని కాదనకుండా మన మాట ముందుకి జరపాలి. సాయానికి వచ్చిన తల్లులకి ఇది చాలా కష్టమైంది. పిల్లలు ఒడియా మాట అనగానే వాళ్ళకి టెన్షన్. రెండు భాషలు కలిస్తే పిల్లాడు గందరగోళపడతాడని ఎవరో చెప్పి ఉంటారు. పడడు. ఏ మనిషితో ఏ భాషో నాలుగేళ్ళ పిల్లలకి బాగా తెలుసు. ఆ భాషలో పని జరిగేంత సరుకు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

మామ్మ

మూడో వారం మాకు అనుకోని సాయం దొరికింది. ఒడ్డున ఒక మామ్మ ఎండుచేపలు తిరగేస్తూ రోజూ కనిపించేది. గోపాల్‌పూర్ చుట్టుపక్కల చేపలపేటల్లో ఉండేది ఎక్కువగా తెలుగువాళ్ళే. ఒడియావాళ్ళు వీళ్ళని నోలియాలు అంటారు. ఆవిడ మమ్మల్ని రెండు వారాలు చూసి, మూడో వారం పిలిచి అడిగింది: "ఏటమ్మా, గుంటల్ని ఎండలో కూకోబెట్టి ఏటి సెప్తన్నావు?"

గుంటలంటే ఆవిడ భాషలో పిల్లలు. మాటలు నేర్పుతున్నానని చెప్పాను. ఆవిడ చిన్నోడి చేతిలో ఉన్నది చూసి, "అదేట్రా?" అంది. వాడు "గవ్వ" అన్నాడు. కార్డులో నేర్చుకున్న మాట. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "గవ్వేటి? అది సిప్ప."

ఆవిడ చెప్పిందే నిజం. బొమ్మల కార్డులో షెల్ అని ఒకటే ఉంటే నేను గవ్వ అని రాసేశాను. పిల్లలు ఇంట్లో వినేది కూడా షెల్ అనో, ఒడియాలో శాముకా అనో. మన ఒడ్డు తెలుగులో అది ఒకటి కాదు. రెండు రెక్కలుగా విచ్చుకునేది చిప్ప. మెలికలు తిరిగి లోపల గది ఉన్నట్టుండేది గుల్ల. నున్నగా, కింద పళ్ళ వరసలా చీలిక ఉండేది గవ్వ. ఊదేది శంఖం. గోపాల్‌పూర్ ఇసుకలో మాకు దొరికేవాటిలో ఎక్కువ చిప్పలే, గవ్వలు అరుదు. నేను మూడు వారాలు తప్పు పేరు నేర్పాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే ఈ కేసులో సగం పోతుంది.

ఆ రోజు పాఠం మామ్మ చెప్పింది, నేను పక్కన కూర్చున్నాను. పిల్లలు ఏరుకొచ్చినవన్నీ గోనెపట్టా మీద పోసి, చిప్పలు ఒక కుప్ప, గుల్లలు ఒక కుప్ప చేయించింది. తర్వాత ఒక చిప్ప పైకి ఎగరేసింది. అది ఇసుకలో పడగానే, "బోర్లా పడిందా, ఎల్లకిలా పడిందా?" అంది. మన అష్టాచెమ్మాలో గవ్వలు వేసినట్టే. పిల్లలు విరగబడి ఆడారు. బోర్లా, వెల్లకిలా అన్న రెండు మాటలు ఏ కార్డు మీదా వేయలేం. ఎగరేసి చూడాల్సిందే. ఇంటికెళ్ళే దారంతా ఆటోలో ఒక్కొక్కళ్ళూ సీటు మీద పడి "నేను బోర్లా, నువ్వు వెల్లకిలా" అని ఒకటే గోల.

తల్లుల్లో ఒకావిడకి ఇది నచ్చలేదు. సిప్ప, సేప అని పలకడం అలవాటైపోతుందని భయం. ఆవిడ భయాన్ని నేను తీసిపారేయలేదు. నేను చిప్ప, చేప అనే అంటాను, మామ్మ సిప్ప, సేప అంటుంది, పిల్లలు ఇద్దరినీ వింటారు. అల అని నేను, కెరటం అని మామ్మ. రెండూ వాళ్ళవే కావాలి. పలుకు విషయంలో నాకు దిగులు కలిగించింది వేరే ఉంది. ఒడియాలో ఏ, ఓలకి పొట్టి పొడుగు తేడా వినపడదు. అందుకని ఈ పిల్లలు చేపని చెప అంటారు. ళ మాత్రం వాళ్ళకి సులువు, ఒడియాలోనూ ఉంది కాబట్టి. "నెత్తళ్ళు" అని చక్కగా అనేవారు.

తాబేలు

డిసెంబరులో, నాలుగో ఆదివారం, నీళ్ళ అంచున ఒక తాబేలు చచ్చి పడి ఉంది. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు. ఇక్కడికి ఉత్తరాన రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట అవి గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడికి వచ్చినవి దాదాపు 7 లక్షలు. అవి నవంబరు నుంచే సముద్రంలో దగ్గరగా తిరుగుతుంటాయి. తాబేలు నీళ్ళలో బతికినా గాలి కోసం పైకి రావాల్సిందే. వలలో చిక్కుకుపోతే పైకి రాలేదు, ఊపిరాడక పోతుంది. అందుకే ఆ నది ముఖం దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం పెట్టారు. అయినా ప్రతి శీతాకాలం కొన్ని ఇలా ఒడ్డుకి కొట్టుకొస్తాయి.

మాకు సాయానికి వచ్చిన కాలేజీ అమ్మాయి పిల్లల్ని దూరంగా నడిపిస్తూ, "ష్, తాబేలు నిద్రపోతోంది" అంది. మంచి మనసుతోనే అంది. నేనూ అక్కడ దిద్దలేదు. ఆ రాత్రి చిన్నోడి తల్లి ఫోన్ చేసింది. పిల్లాడు పడుకోనంటున్నాడు. పడుకుంటే తాబేలులా ఈగలు వాలతాయట.

మాట నేర్పేవాళ్ళు చేయగల పెద్ద తప్పు ఇదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. వాడికి నిద్రపోవడం అన్న మాట అప్పటికే ఉంది, రోజూ వాడుకునే మాట. దాని మీద మేము ఇంకో అర్థం పరిచాం. మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పక్కన కూర్చుని చెప్పాను: "నిన్న మేం తప్పు చెప్పాం నాన్నా. తాబేలు నిద్రపోలేదు. చచ్చిపోయింది. నిద్రపోతే ఊపిరి ఉంటుంది. చెయ్యి పెట్టి చూడు." వాడి చెయ్యి వాడి పొట్ట మీద పెట్టాను. పొట్ట లేచింది, దిగింది. చాలాసేపు అలాగే చూసుకుని, "లేస్తోంది" అన్నాడు. ఆ రాత్రి పడుకున్నాడు.

తర్వాతి ఆదివారం పిల్లలందరికీ అదే మాట చెప్పాను. చిన్నోడు నేరుగా మామ్మ దగ్గరికి పోయి, "నీ వలలో చిక్కుకుందా?" అని అడిగాడు. నాకు గుండె ఆగినంత పనైంది. మామ్మ కోపగించుకోలేదు. "మా వలకాదు నాన్నా, మా వలలో పడితే మేం ఇప్పి ఒగ్గేత్తాం" అని, చిక్కుపడిన వల ముక్క ఒకటి వాడి చేతుల్లో పెట్టి ఎలా విప్పాలో చూపించింది. అరగంట సేపు వాళ్ళిద్దరూ చిక్కులు విప్పారు.

ఏం మిగిలింది

వరండా పాఠాలకి ముందూ ఆరో ఆదివారం తర్వాతా ఒకే బుట్ట పెట్టి అడిగాను. తల్లిదండ్రుల అనుమతితో ఫోన్‌లో రికార్డు చేశాను. బుట్టలో ఇసుక, చిప్ప, గుల్ల, తాడు, వల ముక్క, ఎండుచేప లాంటివి. ప్రశ్నలు మూడు. ఇదేంటి? ఇదేం చేస్తుంది? దీన్ని మనం ఏం చేస్తాం? మొదటిసారి రెండో, మూడో ప్రశ్నలకి చిన్నోడి దగ్గర తెలుగులో ఉన్నవి మూడే మాటలు: ఉంది, పోయింది, తింటాం. ఆరు ఆదివారాల తర్వాత రికార్డింగులో పద్దెనిమిది వేర్వేరు క్రియలు లెక్కపెట్టాను. బొమ్మ కార్డుల్లోని పేర్లు మాత్రం కొన్ని మర్చిపోయాడు. డాల్ఫిన్ పోయింది, నక్షత్రం చేప పోయింది. నాకు బాధ లేదు.

అందరికీ ఇలా జరగలేదు. ఇద్దరు పిల్లల్లో దాదాపు ఏ మార్పూ లేదు. ఒక పాపకి ఇంట్లో తల్లిదండ్రులు ఇంగ్లీషులోనే మాట్లాడతారు, ఆదివారం రెండు గంటల తెలుగు వారమంతా నిలవలేదు. ఇంకో బాబు తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకి వెళితే పగలంతా చూసుకునే ఆవిడ ఒడియా ఆవిడ, చాలా ప్రేమగల మనిషి. ఆ బాబుకి తెలుగులో మాట్లాడాల్సిన అవసరమే రావడం లేదు. ఈ ఇద్దరి విషయంలో లోపం పిల్లలది కాదు, నా పద్ధతిది. సముద్రం దగ్గర మొదలైన మాట ఇంట్లో ఎవరి నోటా మళ్ళీ వినపడకపోతే నాలుగో రోజుకి ఎండిపోతుందని ముందే ఊహించాల్సింది.

మిగతా ఆరుగురి ఇళ్ళలో జరిగింది వేరు. పీత బరంపురం ఇంటికి రాదు, అల రాదు. దూరింది, జారింది, అంటుకుంది, చిక్కుపడింది మాత్రం వస్తాయి. డబ్బాలోంచి బియ్యం జారాయి. జడ చిక్కుపడింది. చేతికి పిండి అంటుకుంది. చిన్నోడి నానమ్మ ఒకరోజు నాకు ఫోన్ చేసి, "పిల్లి మంచం కిందకి దూరింది నానమ్మా అన్నాడమ్మా, ఒడియాలో అనలేదు" అని చెప్పి ఆగిపోయింది. అవతల ఏడుస్తోందని అర్థమై నేనూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ ఏడు వానలు తగ్గాక మళ్ళీ మొదలుపెడతాం. కార్డులు ఉండవు. మామ్మని మొదటి వారం నుంచే రమ్మని అడిగాను, వస్తానంది, ఆవిడ పొద్దుకి కూలి ఇస్తాం. వారానికి నాలుగు క్రియలు రాసిన కాగితం ప్రతి ఇంటికీ వెళుతుంది. పగలు పిల్లల్ని చూసుకునేవాళ్ళు ఒడియావాళ్ళయితే ఆ కాగితం ఒడియా లిపిలో రాసిస్తాను.

ఒకటి ఇంకా తెమలలేదు. ఒడియాలో అబ్బాయి వచ్చినా, అమ్మాయి వచ్చినా, పిల్లి వచ్చినా 'ఆసిలా' ఒక్కటే. ఆ అచ్చులోనే ఈ పిల్లల తెలుగు కూడా పోసుకుంటుంది. అల వచ్చింది, మామ్మ వచ్చింది అన్న నోటితోనే చిన్నోడు సాయంత్రం గేటు చప్పుడవగానే "నాన్న వచ్చింది!" అని పరిగెడతాడు. మొన్న వాళ్ళింట్లో ఉన్నప్పుడు కూడా అలాగే అరిచాడు. నేను "అవును, నాన్న వచ్చాడు" అన్నాను, వాడు అప్పటికే చెప్పులు లేకుండా గేటు దాకా వెళ్ళిపోయాడు.